నెత్తి మీద మా వదిన

మా వదినని దేవత అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దేవత ఏమిటి, దేవత! నోరు తెరిస్తే నాలుగు వీధులకు వినపడేది. కోపం వస్తే చేతిలో ఏముందో చూసుకోకుండా విసిరేది. నా టీ కొట్టులో సగం గ్లాసులకు అంచులు పోయాయంటే అది ఆవిడ చలవే. ఇంటి ఆడపడుచునని నాకు ఓ మెట్టు ఎక్కువ మర్యాద ఇచ్చిందీ లేదు, నేను అడిగిందీ లేదు. అలాంటి మనిషి పోయాక ఇప్పుడందరూ చేతులు జోడించి మాట్లాడుతుంటే నాకు మింగుడు పడటం లేదు. ఉన్నదున్నట్టు చెబుతాను, వినండి.

కొండ మీది పార్కులో మా అన్నయ్యకీ వదినకీ ఇద్దరికీ ఉద్యోగాలు. కొండ కొసన ఉన్న బోడి రాతిని మేమంతా 'నెత్తి' అంటాం. రెండు గదులంత చోటు, మూడు వైపులా లోయ, చుట్టూ ఇనుప గుంజలకు కట్టిన గొలుసు. దానికి కొంచెం కిందుగా దారి సన్నబడిపోయే చోటుని 'మెడ' అంటాం. అక్కడొక గేటు. మెడ నుంచి నెత్తికి వెళ్ళే మెట్ల మీద ఎదురెదురుగా ఇద్దరు తప్పుకోలేరు. అందుకని పైనున్న గుంపు దిగాకే కింది గుంపుని వదలాలి. దిగినవాళ్ళు మలుపు అవతలి దారిన పోతారు, గేటు దగ్గరికి కనపడరు. మెడ దగ్గర గేటు మా అన్నయ్యది. నెత్తి మీద కాపలా మా వదినది. నేను కొండ కింద, బస్సులు ఆగే చోట టీ కొట్టు పెట్టుకుని ఇద్దరి కోసం సాయంత్రం దాకా ఎదురు చూసేదాన్ని.

"ఇంట్లో చాలక ఇక్కడ కూడా నా నెత్తికెక్కి కూర్చుంది మీ వదిన" అని అన్నయ్య రోజూ అనేవాడు. రోజూ అదే మాట, రోజూ కొత్తగా అన్నట్టు నవ్వుకునేవాడు. వదిన మూతి తిప్పుకునేది గానీ, ఆ మాట అనని రోజున మాత్రం "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అని నుదురు పట్టుకు చూసేది. పిల్లలు లేరు వాళ్ళకి. కొన్నాళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరిగి మానేశారు. ఆ తర్వాత ఒకరికొకరే పిల్లలైపోయారు.

వదినకి జనంలో 'ఈలక్క' అని పేరు. మెడలో ఈల, చేతిలో వాకీటాకీ, తలకి బిగించి కట్టిన రుమాలు. గొలుసు దాటి కాలు పెట్టారంటే ఈల. సీసా పారేశారంటే ఈల. రాతి మీద మేకుతో ప్రేమ పేర్లు చెక్కే వాళ్ళ దగ్గరికి మాత్రం ఈల వేయకుండా పిల్లిలా వెళ్ళి, చెవి దగ్గర నోరు పెట్టి, "బాబూ, ఈ అమ్మాయి వాళ్ళ నాన్న ఫోన్ నంబరు కూడా చెక్కు, కబురు చేస్తాను" అనేది. మేకు కింద పడేది. ఒకసారి ఎవడో పెద్దమనిషి, దిగమంటే దిగకుండా, "నేనెవరో తెలుసా?" అన్నాడట. "తెలీదు నాయనా. పైకొచ్చే కంగారులో మర్చిపోయినట్టున్నారు, దిగి కింద అడిగి చూడండి" అంది. గుంపంతా గొల్లుమంది. ఆయన దిగాడు. "ఒక్క ఫోటో అక్కా, ఒక్కటే" అనే మాట ఆవిడ వినని రోజు లేదు. ఆ ఒక్కటీ ఎప్పుడూ ఒక్కటి కాదని ఆవిడకి తెలుసు. అయినా ముసలివాళ్ళు వస్తే, పైకెక్కిన ఆయాసం తీరే దాకా కదిలించేది కాదు. వెనక వాళ్ళు గొణిగితే, "మీరు దూకుతూ వచ్చారు, వాళ్ళు పాకుతూ వచ్చారు. ఉండనివ్వండి" అని గదిమేది.

నెత్తి మీద గుంపు దిగిపోగానే వాకీటాకీలో 'ఖాళీ' అనాలి. అప్పుడు మెడ దగ్గర గేటు తీస్తారు. పైన ఏ ఇబ్బంది వచ్చినా 'ఆపు' అనాలి. అంతే, రెండే మాటలు. పార్కు ఆఫీసు వాళ్ళు పెట్టిన నియమం అది. "మెడ, మెడ, ఇది నెత్తి" అని మొదలుపెట్టాలని కూడా నేర్పారు. వదిన ససేమిరా అంది. "కట్టుకున్న మొగుణ్ణి పట్టుకుని మెడ అంటానా? సిగ్గు లేదూ!" అని, "ఏమండీ, ఖాళీ" అనేది. గేటు దగ్గర నిలబడ్డ జనం ఆ 'ఏమండీ' విని ముసిముసిగా నవ్వేవాళ్ళు. అన్నయ్య చెవులు ఎర్రబడేవి.

ఆ చెవుల సంగతే చెప్పాలి. అన్నయ్యకి వినికిడి మందగించడం మేం ముందు నవ్వులాటగానే తీసుకున్నాం. ఓ రోజు అన్నం తింటూ వదిన "ఆ ఉప్పు ఇలా అందుకోండి" అంటే, "చెప్పా? చెప్పెందుకే, ఎవర్ని కొడతావు?" అన్నాడు. నాకు పొలమారింది. టీవీ గట్టిగా పెట్టుకునేవాడు, పక్కింటి వాళ్ళు గోడ మీద కొట్టేవాళ్ళు, ఆ చప్పుడూ వినపడేది కాదు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి సరిపెట్టుకునేవాడు. ఏడాదికోసారి పార్కు వాళ్ళు పిలిపించే డాక్టరు బల్లకి అటు కూర్చుని, "బాగా వినపడుతోందా?" అని అడిగేవాడు. ఇటు నుంచి మా అన్నయ్య, "శుభ్రంగా వినపడుతోంది సార్" అనేవాడు. పరీక్ష అయిపోయేది.

"చెప్పెయ్ వదినా ఆఫీసులో. చెవికి మిషను పెట్టిస్తారేమో" అన్నాను ఒకసారి.

"మిషను కాదు, గేటు మీంచి తీసేసి మొక్కలకి నీళ్ళు పోయమంటారు" అంది. "పోస్తే పోస్తారు, జీతం అదే. కానీ ఆయన చిన్నబుచ్చుకుంటారు. ఆ గేటంటే ఆయనకి ప్రాణం. నేను నిదానంగా, రెండేసి సార్లు చెబుతున్నాలే. నా గొంతు ఆయనకి వినపడక చస్తుందా?"

నిజమే, ఆ గొంతు వినపడని వాళ్ళెవరు? నేనూ ఊరుకున్నాను.

ఆ రోజు సెలవు. కొండ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. పొద్దున్నే ఆకాశం కడిగినట్టుంది. నెత్తి మీద ఒక నిండు గుంపు ఉండగా, ఉన్నట్టుండి లోయలోంచి గాలి లేచింది. గాలి లేస్తే మెట్ల మీద నడవకూడదు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని గొలుసు పట్టుకోవాలి. వదిన ఈల వేసి అందర్నీ కూర్చోబెట్టింది. ఒక చేత్తో గుంజ పట్టుకుని, ఇంకో చేత్తో వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, "ఏమండీ, గాలి! గాలి!" అని అరిచింది. ఆ హోరులో పక్కనున్నవాళ్ళకి కూడా మాట తెలియలేదట.

'ఆపు' అనలేదు. గాలిని చూస్తోంది, గాలి అన్నది. అన్నయ్య చెవికి అది 'ఖాళీ' అని వినిపించింది. మెడ దగ్గర కొండ చాటు, గాలి ఆయనకి తగల్లేదు. గేటు తీశాడు.

గాలి ముదిరేలోపే కింది గుంపు ఎక్కి వచ్చేసింది. ఒక గుంపుకే చాలీచాలని చోట్లో రెండు గుంపులు. వచ్చినవాళ్ళు వెనక్కి దిగలేరు, మెట్ల మీద గాలి నిలబడనివ్వడం లేదు. వదిన ఒక్కొక్కర్నీ చెయ్యి పట్టి లాగి, కూర్చున్నవాళ్ళ మధ్యలో, ఒళ్ళో, దొరికిన చోటల్లా కూర్చోబెట్టింది. చివరగా ఓ ముసలావిడ మిగిలింది. మోకాళ్ళ మీద వంగి, పట్టుకోవడానికేమీ దొరకక, "అమ్మా, అమ్మా" అంటోందట. గొలుసు పట్టుకుని భార్య పక్కన కూర్చున్న ఒకతను అది చూశాడు. ఆవిడకి తన చోటు ఇద్దామని లేచాడు. "లేవద్దు" అని వదిన అరుస్తూనే ఉంది. ముసలావిడ చేతికి గొలుసు అందింది. అతనికి ఇంక ఏమీ అందలేదు.

"వాడు వెర్రిమొర్రి వేషాలేసి పడుంటే నాకింత బాధ ఉండేది కాదే" అని వదిన తర్వాత ఎన్నిసార్లు అందో! నిజంగా ఎందరు వేశారు అలాంటి వేషాలు! గొలుసు మీద కూర్చున్నవాళ్ళు, ఒంటికాలి మీద నిలబడి ఫోటో దిగినవాళ్ళు, అందరూ చల్లగా ఇళ్ళకి పోయారు. చోటిచ్చినవాడు పోయాడు. ఇదెక్కడి న్యాయమో నాకైతే ఈ రోజుకీ అర్థం కాదు.

గాలి తగ్గాక అన్నయ్య మెట్లన్నీ పరుగున ఎక్కి పైకొచ్చాడు. ఇద్దరూ ఎదురుపడ్డారు. వదిన అరచేతులు గొలుసు రాపిడికి చీరుకుపోయి రక్తం కారుతున్నాయి. అన్నయ్య అవి చూడలేదు. మొహంలో నెత్తురు చుక్క లేకుండా, "నువ్వు ఖాళీ అన్నావు కదే? ఖాళీ అనే కదే అన్నావు?" అని అడిగాడు.

వదిన ఆయన మొహంలోకి చూసింది. "అవునండీ. ఖాళీ అన్నాను" అంది.

ఆఫీసులో విచారణ పెట్టారు. టీ తీసుకెళ్ళే నెపంతో నేనూ లోపలికి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను. అధికారి మంచివాడే. "అమ్మా, కంగారు పడకుండా గుర్తు తెచ్చుకో. నువ్వు ఏమన్నావు?" అని మెల్లగా అడిగాడు. "ఖాళీ అన్నాను సార్. గుంపు దిగిపోయిందనుకున్నాను" అంది వదిన. ఎదురుగా యాభై మంది కూర్చుని ఉంటే దిగిపోయిందని ఎలా అనుకుంటారు? ఆ ప్రశ్న ఆయన అడగలేదు. పోయినతని భార్య ఆ మూల బెంచీ మీద కూర్చుని ఉంది. తిట్టలేదు, శపించలేదు. "ఒక్క మాట. ఒక్క మాట సరిగ్గా చెప్పలేకపోయావా తల్లీ?" అంది. అన్నయ్య ఆ మాట ఆవిడ పెదాల మీద చదివాడు.

నాలుగు రోజులు పోయాక వదిన డాబా మీద బట్టలు ఆరేస్తుంటే పట్టుకున్నాను.

"వదినా, నాతో చెప్పు. అంతమంది కళ్ళ ముందుండగా ఖాళీ ఎలా అంటావు?"

"అనలేదు. గాలి అన్నాను" అంది. దుప్పటి దులుపుతూనే అంది.

పిట్టగోడ మీద కూర్చుండిపోయాను. "మరి చెప్పవేం? నీకేమైనా మతి పోయిందా?"

"ఆ రోజు మీ అన్నయ్య మొహం నువ్వు చూళ్ళేదు. ఆయన చెవి వల్ల ఒక మనిషి పోయాడని తెలిస్తే ఆయన ఇంకో పూట బతకడు. నేనైతే బతుకుతాను. నాది మొండి ఘటం."

"చేయని తప్పు నెత్తినేసుకుంటావా?"

"చేయకేం? ఆపు అనాలి. ఊరందరికీ నియమాలు చెప్పే దాన్ని, ఆ ఒక్క క్షణం నాకు నియమం గుర్తు రాలేదు. చెవి సంగతి దాచమన్నదీ నేనే."

"సరే, సగం నీది. మిగతా సగం?"

"ఎవరిదైతే ఏమే? ఉండేది ఒకే ఇంట్లోగా" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని, "ఆయనకి చెప్పావంటే నా మీద ఒట్టు. నాలుగు రోజులు తిడతారు, తర్వాత మామూలే. మీ అన్నయ్య కోపం ఎంతసేపు!" అంది.

అక్కడే లెక్క తప్పింది మహాతల్లి. అన్నయ్య తిట్టలేదు. తిడితే బాగుండేది. మాట్లాడ్డం మానేశాడు.

ఆయనది మెత్తటి మనసే గానీ, నియమం తప్పిన వాళ్ళంటే పడదు. జీవితమంతా ఒక గేటు దగ్గర నిలబడి, పైనుంచి వచ్చే ఒక్క మాటని నమ్మి మనుషుల్ని వదిలాడు. ఆ మాట అబద్ధమైందని తెలిశాక ఆయన దాన్ని అరిగించుకోలేకపోయాడు. ముందు గదిలో పడక వేసుకున్నాడు. కంచం తనే పెట్టుకుని, తిని, కడుక్కునేవాడు. ఏదైనా కావాలంటే వదిన అక్కడే నిలబడి ఉన్నా, నా వైపు తిరిగి, "మీ వదినకి చెప్పు" అనేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. "నోరు లేదా నీకు? నువ్వే చెప్పుకో" అంటే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. నెత్తికెక్కి కూర్చుందన్న ఆ పాత హాస్యం మళ్ళీ ఆ ఇంట్లో వినపడలేదు.

వదినని నెత్తి మీంచి తీసేశారు. కింద, నా కొట్టుకి ఎదురుగా, సందర్శకుల సంచులు వెతికి ప్లాస్టిక్ సీసాలు తీయించే పని ఇచ్చారు. పని శ్రద్ధగానే చేసేది. నోరు మాత్రం తగ్గిపోయింది. ఎవడైనా ఎదురు మాట్లాడితే, మునుపైతే వాడి ఏడు తరాలూ దులిపేసేది, ఇప్పుడు "సరే బాబూ" అనేది. ఆ 'సరే బాబూ' వినలేక నేను టీ గ్లాసులు చప్పుడు చేస్తూ కడిగేదాన్ని. అన్నయ్య పొద్దున గేటుకి వెళుతూ ఆవిడ ముందు నుంచే నడిచేవాడు. ఆవిడ లేచి నిలబడేది. ఆయన సంచి చూపించి, దాటిపోయేవాడు.

ఇంట్లో మాత్రం వదిన మాట్లాడేది. ఆయన వీపుతో మాట్లాడేది. ఇవాళ ఎవరెవరు వచ్చారు, పప్పుల ధర ఎంత పెరిగింది, పక్కింటి పిల్ల చదువు ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ చెప్పేది. "ఎవరికి చెబుతున్నావ్ వదినా, గోడకా?" అని నేను కసిరితే, "అలవాటు తప్పిపోతే మళ్ళీ మాట్లాడేనాటికి నాకు రాదేమో" అనేది. ఆవిడకి కావలసింది అదొక్కటే. నెత్తి అక్కర్లేదు, పోయిన పేరు అక్కర్లేదు. ఆయన తనతో ఒక్క మాట మాట్లాడితే చాలు. ఆ మాట ఇప్పించే నిజం నా నోట్లోనే ఉంది. పళ్ళ బిగువున పట్టుకుని తిరిగాను.

ఈలోగా అన్నయ్య చెవులు పూర్తిగా పోయాయి. దాచడానికి వీలు లేనంతగా పోయాక ఆఫీసు వాళ్ళే గేటు మీంచి తప్పించి, మర్యాదగా ఇంటికి పంపారు. అందరితో ఏమనేవాడో తెలుసా? "ఆ ప్రమాదం జరిగిన రోజు తగిలిన దెబ్బ ఇది. ఆ రోజు నుంచే నా చెవులు పోయాయి" అనేవాడు. నిజంగా అలాగే నమ్మాడు. విన్నవాళ్ళు అయ్యో పాపం అనేవాళ్ళు. లోపల వంటగదిలో వదిన గిన్నెలు తోముతూ ఆ మాట వినేది. నేను లేవబోతే తడి చేత్తో నా కొంగు పట్టుకుని కూలేసేది.

తర్వాత వదినకి జబ్బు చేసింది. దగ్గు అన్నారు, ఊపిరితిత్తులన్నారు, చివరికి పెద్దాసుపత్రిలో చేర్చి, ఇక మీరు దగ్గరుండండి అన్నారు. నేను కొట్టు మూసేసి మంచం పక్కన కూర్చున్నాను. అన్నయ్య రోజూ వచ్చేవాడు. వార్డు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని, సాయంత్రం లేచి వెళ్ళిపోయేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. వదిన తల గుమ్మం వైపు తిప్పుకుని పడుకునేది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి లేచి వచ్చాడు. మంచం మీద కూర్చుని, ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చెవిటివాడి గొంతు, ఎంత గట్టిగా ఉందో ఆయనకి తెలియదు, వార్డంతా వినపడేలా అన్నాడు: "ఏమే, నేను నిన్ను క్షమించేశాను. ఆ రోజు నువ్వు చేసిన తప్పు నా మనసులోంచి తీసేశాను. తప్పు ఎవరు చేయరు? నువ్విక దిగులు పెట్టుకోకు."

పక్క మంచం ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఎంత మంచి మనిషమ్మా మీ ఆయన!" అంది.

నేను కుర్చీలోంచి లేచాను. ఒట్టు లేదు, గిట్టు లేదు, ఆయన రెండు చెంపలూ పట్టుకుని, నా పెదాల వైపు తిప్పుకుని, ఒక్కొక్క అక్షరం విడివిడిగా చెప్పేద్దామనుకున్నాను. అప్పుడు వదిన మొహం చూశాను. ఎన్ని ఏళ్ళయిందో ఆ మొహం అలా చూసి! కొత్త పెళ్ళికూతురికి ఉంటుంది ఆ సంతోషం. రెండు చేతులూ ఎత్తి ఆయనకి దండం పెట్టింది. ఊపిరాడక ఆగి ఆగి, "చాలండీ" అంది. ఆయనకి వినపడలేదు గానీ, పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. నేను మళ్ళీ కూర్చున్నాను. కూర్చోక ఏం చేయను? ఆ సంతోషం చెడగొట్టే హక్కు నాకెవరిచ్చారు?

ఆ తర్వాత ఉన్నన్ని రోజులూ ఆయన మంచం దిగలేదు. ఇన్నేళ్ళు దాచుకున్న మాటలన్నీ గట్టిగా చెబుతూనే ఉన్నాడు. నర్సు వచ్చి మెల్లగా మాట్లాడమన్నా ఆయనకి వినపడదు కదా! వదిన ఆయన్ని చూస్తూ వింటూ ఉండేది. అలా వింటూనే ఒక పొద్దున్న పోయింది.

ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ అన్నయ్య ఒకే మాట చెబుతాడు: "పోయేలోపు క్షమించానన్న తృప్తి ఒక్కటి మిగిలింది నాకు. మా ఆవిడ తప్పు చేసినా మంచిదే." చెప్పి నా వైపు తిరుగుతాడు. పెదాల వైపు చూస్తూ, "అంతేనా అమ్మాయ్?" అని అడుగుతాడు.

"అంతే అన్నయ్యా" అంటాను నేను, ఆయనకి తెలిసేలా ఒక్కొక్క అక్షరం విడివిడిగా.